ఊరు దాటిన నాదస్వరం

గత విద్యాసంవత్సరంలో మా కళాశాల సభామందిరంలో జాతీయ సమైక్యతను గురించి ఒక సభ జరిగినది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దలు చక్కని వక్త. ఉపన్యాసం ముగింపుకు వస్తున్న వేళ వారు గొంతు పెంచి, ముస్లింగా పుట్టి శ్రీరంగనాథుని సేవలో నాదస్వరం వాయించిన షేక్ చిన మౌలానాగారి దేశం మనది అన్నారు. మందిరం చప్పట్లతో మారుమ్రోగినది. మేమూ చప్పట్లు కొట్టినాము. సభ ముగిసిన తరువాత అధ్యాపకుల గదిలో చాయ్ త్రాగుతుండగా ఉర్దూ శాఖకు చెందిన మిత్రులొకరు మమ్ములను అడిగినారు: "సాబ్, ఆ మౌలానాగారు అరవవారా, మనవారా? నాదస్వరమంటే మన సన్నాయియేనా?" తెలుగు బోధించి జీవించే మేము ఆయనకు ఇవ్వగలిగిన సమాధానం "ఒంగోలు ప్రక్కన ఏదో ఊరట" అన్నది మాత్రమే.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదని వ్రాస్తే అతిశయోక్తి అవుతుంది. కాని ఒక సందేహం మాత్రం ముల్లువలె నిలిచిపోయినది. మనం చప్పట్లు కొట్టినది ఒక విద్వాంసునికా, ఒక ఉదాహరణకా? ఆ మందిరంలో కూర్చున్నవారిలో ఆయన తోడిరాగ ఆలాపనను పావుగంట సేపైనా విన్నవారు ఎందరు? ఎవరూ లేరనే మా అనుమానం. ఆయనను మనం సమైక్యత పక్షాన సాక్షిగా పిలిచినాము. సాక్షి పని సాక్ష్యం చెప్పడం. అది కాగానే బోను దిగి ఇంటికి పోవలసినదే. అతడు ఏమి చదివినాడో, ఎంత కష్టపడినాడో, ఏ ఊరు విడిచి ఏ ఊరు చేరినాడో కోర్టుకు అక్కరలేదు.

చిన మౌలానాగారిని మతసామరస్యానికి ప్రతీక అని పొగడి ఊరుకొనడం ఆయనకు గౌరవం కాదని మా అభిప్రాయం. అది ఆయన చేసిన పనిని వినకుండా తప్పించుకొనే సులభమార్గం. పైగా ఆయన తెలుగు నేలను విడిచి ఎందుకు వెళ్ళినారన్న ఇబ్బందికరమైన ప్రశ్నను ఆ పొగడ్త కప్పివేస్తున్నది. అందుచేత పొగడ్తను కాసేపు ప్రక్కనబెట్టి ఆయన జీవితాన్ని చూతము.

ఒంగోలుకు సమీపంలోని కరవది గ్రామంలో 1924 మే 12న ఆయన జన్మించినారు. ఆనాడు ఆ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గుంటూరు జిల్లాకు చెందినది. ప్రకాశం జిల్లా అప్పటికి లేదు. ఇంట్లో తరతరాలుగా నాదస్వరమే వృత్తి. తండ్రి కాసిం సాహెబుగారే మొదటి గురువు. తరువాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబుగారి వద్ద శిక్షణ. ఇక్కడ మా ఉత్తర తెలంగాణ పాఠకులకు ఒక మాట చెప్పవలసి ఉన్నది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో దేవాలయాలలోను, పెండ్లిండ్లలోను నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలు అనేకం. అక్కడివారికి అది వింతగాని విశేషం గాని కాదు. మంగళవాద్యం కావలెనంటే ఫలానా సాహెబుగారికి కబురు పంపడం అక్కడి ఆనవాయితీ. ఒక ప్రాంతపు నిత్యజీవితం మరొక ప్రాంతానికి చేరేసరికి సభలలో చెప్పుకొనే అద్భుతమవుతుందేమో!

నాదస్వరం సన్నాయి కాదు, సన్నాయికి దగ్గరి బంధువు. సన్నాయికంటె బాగా పొడవైనది, గొంతు బలమైనది, బహిరంగ స్థలంలో రథం ముందు, వేయి మంది సందడిలో వినబడడానికి తయారైనది. నోట పెట్టుకొనే చివర రెల్లుతో చేసిన పీక ఉంటుంది. వ్రేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. మన సంగీతంలోని సూక్ష్మస్వరాలన్నీ ఆ ఏడింటిలో సిద్ధంగా కూర్చుని ఉండవు. రంధ్రాన్ని సగం మూసి, పావు మూసి, పెదవి బిగువు మార్చి, ఊపిరి వత్తిడి పెంచి తగ్గించి ఒక్కొక్క గమకాన్ని పుట్టించవలెను. అంత బలమైన గొంతుకను అదుపులో పెట్టి, ఊయలలోని బిడ్డ నిద్ర లేవకుండా వాయించగలగడమే విద్వత్తు. పెద్దగా వాయించడం ఛాతీ ఉన్నవారందరికీ చేతనవుతుంది.

యౌవనంలోనే ఆయనకు పేరు వచ్చినది. తెలుగు నేలపై పెండ్లిళ్ళకు, ఉత్సవాలకు పిలుపులకు కొదువ లేదు. ఇంతలో తంజావూరు బాణీ ఆయనను పట్టుకొన్నది. ఆ బాణీకి ఆనాటి చక్రవర్తి టి.ఎన్. రాజరత్నం పిళ్ళె. ఆయన తోడి అంటే దక్షిణదేశం చెవి కోసుకొనేది. చిలకలూరిపేట సంప్రదాయంలో పెరిగిన యువకునికి తన వాద్యంలోనే తనకు తెలియని మరొక ప్రపంచం ఉన్నదని తెలిసినది. అప్పుడు ఆయన చేసిన పని మాకు అన్నిటికంటె గొప్పగా తోచుచున్నది. పేరు, సంపాదన ఉన్న విద్వాంసుడు మళ్ళీ శిష్యుడైనాడు. కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోవిలుకు వెళ్ళి రాజం, దురైకణ్ణు అనే సోదర విద్వాంసుల పాదాల వద్ద కూర్చున్నాడు. అలవాటైన వ్రేళ్ళను మరపించి కొత్త నడకలు నేర్పించడం ఎంత కష్టమో, నడివయసులో చేతివ్రాత మార్చుకొనజూచిన వారికి కొంత తెలియవచ్చును.

మా విద్యార్థులకు ఈ సంగతి చెప్పినప్పుడు ఒకరు "అప్పటికే పేరున్నది గదా సార్, ఎందుకు?" అని అడిగినారు. ఆ ప్రశ్నలో నేటి కాలమంతా ఉన్నది. పేరు వచ్చిన తరువాత నేర్చుకొనడం దేనికన్నది మన కాలపు ధోరణి. అధ్యాపకులమైన మేమును అందుకు మినహాయింపు కాదు. ఎం.ఏ. పట్టా చేతికి వచ్చిన నాటినుండి మేము ఎన్ని కొత్త పుస్తకాలు చదివినామో లెక్కపెట్టుకొంటే ఒక చేతి వ్రేళ్ళు మిగిలిపోవచ్చును.

ఈ సందర్భంలో దూరదేశపు ఒక వాద్యకారుడు మాకు పదేపదే జ్ఞాపకం వస్తున్నాడు. రష్యాలోని వైష్నీ వోలోచ్యోక్ అనే పట్టణంలో 1874లో పుట్టిన సెర్గీ కూసెవిట్‌స్కీ. పెండ్లిళ్ళలో, పండుగలలో వాయించి పొట్టపోసుకొనే యూదు వాద్యకారుల కుటుంబం ఆయనది. అంటే మన మేళగాండ్ర ఇల్లు వంటిదే. పదునాలుగవ ఏట మాస్కోలో సంగీతం చదువదలచినాడు. ఆ కాలంలో యూదులకు మాస్కోలో నివసించే అనుమతి లేదు. అందుచేత ఆ బాలుడు క్రైస్తవ మతం స్వీకరించవలసి వచ్చినది. చదువుకు చెల్లించిన రుసుము అది! బడిలో చేరిన తరువాత ఆయన వంతుకు వచ్చినది డబుల్ బేస్ అనే భారీ తంత్రీవాద్యం. ఒంటరిగా దానిని వినవలెనని ఎవరూ కోరని వాద్యం. దానిమీదనే ఆయన కచేరీలు చేసి ఐరోపాను మెప్పించినాడు.

తరువాత ఆయన ఆర్కెస్ట్రా కండక్టరైనాడు. ఈ మాట తరగతిలో అనగానే విద్యార్థులు నవ్వినారు. మన వైపు కండక్టరంటే ఆర్టీసీ బస్సులో టిక్కెట్లు కొట్టే ఉద్యోగియే గదా! ఇక్కడ కండక్టరంటే నూరుమంది వాద్యకారుల ముందు చిన్న కర్ర పట్టుకొని నిలబడి, తాను ఒక్క ధ్వని కూడా చేయకుండా, అందరి చేతను ఒకే ఊపిరిగా వాయింపజేసే నిర్వాహకుడు. 1908లో బెర్లినులో ఆయన మొదటిసారి ఆ స్థానంలో నిలిచినాడు. 1909లో మాస్కోలో సొంత వాద్యబృందాన్ని స్థాపించి, స్టీమరుపై వోల్గా నది వెంట ఊరూరా దిగి, పెద్ద ఆర్కెస్ట్రా వినని పట్టణాలవారికి వినిపించినాడు. విప్లవానంతరం 1920లో దేశం విడిచి పారిస్ చేరి, 1924లో అమెరికాలో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాకు నిర్వాహకుడై, 1949 వరకు ఇరువదియైదు ఏండ్లు దానిని నడిపినాడు. 1951లో అక్కడే కన్నుమూసినాడు.

ఇద్దరినీ తూచి ఎవరు గొప్ప అనడం మా ఉద్దేశం కాదు. మాకు కావలసినది రెండు సంగతులు. మొదటిది: కూసెవిట్‌స్కీ నేర్చుకొనడానికి మతం మార్చుకొనవలసి వచ్చినది. చిన మౌలానాగారికి ఆ అవసరం రాలేదు. నాచ్చియార్‌కోవిలు గురువులు ఆయన కులగోత్రాలు మార్చుకొని రమ్మనలేదు. షేక్ చిన మౌలానాగా వెళ్ళినారు, షేక్ చిన మౌలానాగానే తిరిగి వచ్చినారు. చప్పట్లు కొట్టవలసిన చోటు ఏదైనా ఉన్నదంటే ఆ గురువుల ఇంటి గడప అది. కాని మన సభలలో వారి పేర్లు ఎవరూ చెప్పరు.

అయితే మన సమాజం వాద్యకారులను నెత్తిన పెట్టుకొన్నదని కూడా అనుకొనరాదు. గాయకుడు వేదిక మీద కూర్చుని పాడుతుంటే, నాదస్వర విద్వాంసుడు చొక్కా లేకుండా, పైపంచె నడుముకు చుట్టుకొని, నిలబడి వాయించవలసిన రోజులుండినవి. ఆ ఆచారాన్ని ధిక్కరించి వేదిక మీద కూర్చుని వాయించినవాడు రాజరత్నం పిళ్ళె. చిన మౌలానాగారి తరానికి ఆ పీట దక్కినదంటే ఆ పోరాటమే కారణం. మతం విషయంలో తెరిచి ఉన్న తలుపు మర్యాద విషయంలో అరమూతలు పడి ఉండవచ్చును. వాద్యకారునికి ఈ రెండవ తలుపే ఎక్కువ నొప్పి కలిగిస్తుంది.

రెండవ సంగతి వలస. 1960ల దశకంలో చిన మౌలానాగారు తిరుచ్చిని ఆనుకొని ఉన్న శ్రీరంగంలో స్థిరపడినారు. చివరిదాకా అదే ఆయన ఊరు. రంగనాథుని సేవగా తమ వాద్యాన్ని భావించుకొన్నారు. కూసెవిట్‌స్కీని విప్లవం తరిమినది. ఈయనను ఎవరు తరిమినారు? ఎవరూ తరమలేదు. తిండికి లోటు కూడా లేదు. మరి ఎందుకు?

మాకు తోచిన సమాధానమిది. కావేరీ తీరంలో నాదస్వరానికి శ్రోతలుండినారు. అక్కడి పెద్ద దేవాలయాలలో ఏ వేళకు ఏ రాగం, ఏ ఉత్సవానికి ఏ కీర్తన అన్న క్రమం ఉన్నది. దేవుడు ఊరేగుతుంటే నాలుగు వీధుల కూడలిలో మేళం ఆగుతుంది. విద్వాంసుడు ఒకే రాగాన్ని గంటల తరబడి విస్తరిస్తుంటే జనం తెల్లవారుదాకా నిలబడి వింటారు. తప్పు వాయిస్తే ముఖం చిట్లించే కొబ్బరికాయల వ్యాపారి అక్కడ ఉంటాడు. తెలుగునాట నాదస్వరం ఎక్కువగా పెండ్లి పందిరికి కట్టుబడినది. పెండ్లిలో విద్వాంసుడు కల్యాణిని విప్పి మధ్యలోకి వచ్చినాడో లేదో, పురోహితుడు చేయి ఊపుతాడు, గట్టిమేళం! రాగం గొంతు అక్కడే నులిమివేయబడుతుంది. ఆ తరువాత భోజనాల పిలుపు. వాద్యకారునికి దక్షిణ సరిగానే ముట్టుతుంది. కాని ఎవరు విన్నారు? అన్నం కొరకు వలసపోయినవారు కోట్లాదిమంది. చెవుల కొరకు వలసపోయినవారు కొందరే. చిన మౌలానాగారు ఈ రెండవ కోవకు చెందినవారని మా నమ్మకం.

విచిత్రమేమనగా, ఆయన అక్కడికి వెళ్ళి వాయించిన కీర్తనలలో గణనీయమైన భాగం తెలుగువే. త్యాగరాజస్వామి మాట తమిళ విద్వాంసులకు నేర్చుకొన్న భాష, కరవదిలో పుట్టినవానికి ఇంటి భాష. మాట నోట పలుకని వాద్యంలో మాట అర్థం తెలిసి వాయించడానికీ, తెలియక వాయించడానికీ భేదముంటుంది. పదం ఎక్కడ విరగాలో ఊపిరికి తెలుస్తుంది. ఈ వ్యాసం కొరకు ఆయన ధ్వనిముద్రణలను మేము వరుసగా కొన్ని రాత్రులు విన్నాము. సంగీతశాస్త్రం మాకు రాదు. అయినను ఒకటి రెండు చోట్ల కీర్తనలోని మాట వాద్యంలో స్పష్టంగా వినబడినట్లు తోచినది. మా భ్రమ అని ఎవరైనా అంటే వాదించము.

తెలుగువారు ఇట్లు పంపివేసినది ఆయనను ఒక్కరినే కాదు. ద్రాక్షారామంలో 1922లో పుట్టిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, పిదప ఢిల్లీ చేరి, ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి నిర్వాహకులైనారు. కూసెవిట్‌స్కీవలె వాద్యబృందాన్ని నడిపిన తెలుగువాడు కావలెనంటే ఆయన పేరు చెప్పుకొనవచ్చును. ఆయనకు కూడా బృందం దొరికినది తెలుగు నేలపై కాదు. ఇందుకు ఎదురుగా కాశీని విడువనని భీష్మించిన బిస్మిల్లాఖాన్ సాహెబు ఉన్నారు. వారికి గంగ ఉన్నది, గంగ ఒడ్డున వినేవారు ఉన్నారు. విడువవలసిన పని ఏమున్నది? మన హైదరాబాదు వంతు వచ్చినప్పుడు కూడా ఒక వలసగాయకుడే కనబడతాడు. కసూరులో పుట్టి, దేశవిభజనతో పాకిస్తాను పౌరుడై, 1957లో భారత పౌరసత్వం పొందిన బడే గులాం అలీఖాన్ సాహెబు 1968లో హైదరాబాదులో కన్నుమూసి దాయిరా మీర్ మోమిన్‌లో శాశ్వతనిద్ర పొందుతున్నారు. ఆయన సమాధి ఎక్కడ ఉన్నదో చెప్పగలవారు మా పట్టణంలో ఎందరో విచారించి చూడవచ్చును.

ఇక ఒక ఆక్షేపణ. మా వారిలోనే కొందరు, ముఖ్యంగా చదువుకొన్న యువకులు, "గుడిలో వాయించినవానిని మనవాడని ఎట్లా చెప్పుకొనడం?" అని చాటుగా అంటారు. అవతలి వైపున మరికొందరు "గుడిలో వాయించినాడు గనుకనే మంచి ముస్లిం" అని బహిరంగంగా అంటారు. మొదటి మాటకంటె రెండవ మాటయే మాకు ఎక్కువ బాధాకరం. అందులో తక్కిన వారందరికీ ఒక పరీక్షాపత్రం దాగి ఉన్నది. మా జిల్లాలలో పీర్ల పండుగనాడు పీర్ల ముందు డప్పు కొట్టేవారు ఎవరు? ఎక్కువగా హిందువులే. వారిని "మంచి హిందువులు" అని ఎవరైనా సభ పెట్టి పొగిడినారా? "మీరు మనవారేనా?" అని వారిని ఎవరైనా నిలదీసినారా? వేములవాడ రాజన్న గుడికి మొక్కు తీర్చుకొనడానికి పోయినవారు ఆ ప్రాంగణంలోని దర్గాకు కూడా తరతరాలుగా మొక్కినారు. వారికి తాము సమైక్యత సాధిస్తున్నామన్న తలంపు లేదు. కోడెను కట్టినారు, ఫాతిహా ఇప్పించినారు, బస్సెక్కి ఇంటికి వచ్చినారు. చిన మౌలానాగారు శ్రీరంగంలో చేసినదీ అంతకంటె వేరు కాదని మా ఊహ. ఆయన తనకు ప్రాణమైన పనిని ఆ పనికి తగిన చోట చేసినారు.

ఆ పనికి బిరుదులు ఆలస్యంగానైనా వచ్చినవి. 1977లో పద్మశ్రీ. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం. మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి 1998లో. నాదస్వర విద్వాంసులకు ఆ బిరుదు దక్కడం అరుదు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదినాలుగు. ఆ సంగీతోత్సవాలు ముగిసిన కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న, శ్రీరంగంలో కన్నుమూసినారు.

బిరుదులకంటె మమ్ములను ఆకర్షించినది ఆయన పెట్టిన బడి. 1982లో శ్రీరంగంలో శారద నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించినారు. కూసెవిట్‌స్కీ కూడా 1940లో బోస్టనుకు దూరంగా టాంగిల్‌వుడ్‌లో యువ సంగీతకారులకు ఒక వేసవి పాఠశాల పెట్టినాడు. తరువాతి కాలపు ప్రసిద్ధ అమెరికను నిర్వాహకుడు లెనార్డ్ బెర్న్‌స్టయిన్ అక్కడ ఆయన శిష్యుడు. వలసపోయినవాడు బడి పెట్టడంలో ఒక ఆంతర్యం ఉన్నదేమో! తాను ఎక్కడినుండియో రావలసి వచ్చినది. తరువాతివానికి చిరునామా అయినా ఉండవలెను. ఆ శ్రీరంగం చిరునామాకు తెలుగు నేలనుండి శిష్యులు వెళ్ళినారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులు అక్కడ నేర్చినవారే. నాదస్వరాన్ని పురుషుల ఊపిరికే తగినదనుకొన్న లోకం ముందు కాలీషాబీగారు భర్త ప్రక్కన కూర్చుని సమానంగా వాయించినారు. 2020లో దంపతులిద్దరికీ పద్మశ్రీ వచ్చినది. చిన మౌలానాగారి మనుమలు కాసిం, బాబు సోదరులు తాతగారి బాణీని కొనసాగించినారు. ఇక తెలంగాణ సరిహద్దులోని భద్రాచలంలో సీతారాముల సన్నిధిలో ఎన్నో సంవత్సరాలు నాదస్వరం వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబుగారికి 2022లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించినారు. ఆయన చెవికి ఆ వార్త చేరలేదు.

మన కరీంనగరు, ఆదిలాబాదు మాటేమిటి? ఇక్కడ నాదస్వరం తక్కువ. డోలు, సన్నాయి, డప్పు, బ్యాండు మేళం మన మంగళవాద్యాలు. ఆదిలాబాదు అడవులలో ఇంకొక ఆశ్చర్యమున్నది. గోండుల దేవతల గాథలను, వంశచరిత్రలను తరతరాలుగా మోసుకొని వచ్చినవారు గోండులు కారు, వారి ఆస్థాన గాయకులైన పర్ధానులు. పర్ధానుల ఇంటిభాష మరాఠీ. గాథలు పాడేది గోండీలో. చేతిలో కింగ్రి అనే తంత్రీవాద్యం. అంటే ఒక భాషవారు మరొక భాషవారి దైవాన్ని కంఠంలో పెట్టుకొని కాపాడుతున్నారు. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయి ఫొటోలు తీసుకొని వచ్చేవారిలో ఎందరు కింగ్రి ముందు కూర్చుని ఒక గాథ పూర్తిగా విన్నారు? మార్లవాయి కనకరాజుగారికి 2021లో గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ వచ్చినప్పుడు మన పట్టణాలలో అభినందన సభలు జరిగినవి. 2024లో ఆయన పోయినారు. నృత్యానికి వాద్యం వాయించినవారి పేర్లు మాకు తెలియవు. తెలుసుకొనే ప్రయత్నం మేమూ చేయలేదు.

ఈ వ్యాసం వ్రాయడానికి మమ్ములను పురికొల్పిన అసలు కారణం ఇంకొకటి. మా ద్వితీయ సంవత్సరం తరగతిలో ఒక విద్యార్థి ఉన్నాడు. తెలివైనవాడు, వెనుక బల్ల మీద కూర్చుంటాడు. ప్రవేశపత్రంలో తండ్రి వృత్తి అన్న గడిలో "వ్యాపారం" అని వ్రాసినాడు. గత వైశాఖంలో ఒక పెండ్లికి వెళ్ళినప్పుడు బారాత్‌లో బ్యాండు ముందు వరుసలో క్లారినెట్ వాయిస్తున్న పెద్దమనిషి మమ్ములను చూచి, వాద్యం దించి, "సలాం సార్, మావాడు మీ క్లాసే" అన్నాడు. జరీ కుట్టిన ఎర్రకోటు, చెమట, మెడమీద జనరేటరు దీపాల వేడి. వెనుక నుండి ఎవరో యువకుడు "ఏయ్, ఆపినవేంది, కొట్టు!" అని అరిచినాడు. ఆయన మళ్ళీ వాద్యం ఎత్తుకొన్నాడు. వాయించినది చౌకబారు సినిమా పాటయే. అయితే పాట చివర, అందరూ కేకలు వేస్తుండగా, ఎవరికొరకో తెలియదు, రెండు క్షణాలపాటు ఆ పాటలో లేని ఒక జారుడు స్వరం పలికించినాడు. మేము విన్నాము. ఇంకెవరు విన్నారో తెలియదు.

తరువాతి వారం మేము పాఠ్యాంశాన్ని ప్రక్కనబెట్టి తరగతిలో కరవది, నాచ్చియార్‌కోవిలు, శ్రీరంగం కథ చెప్పినాము. ఫోనులో ధ్వనిముద్రణ ఒకటి వినిపించినాము. పది నిమిషాలకే ముందు బల్లలవారు గడియారం చూడడం మొదలుపెట్టినారు. దానికి మేము నొచ్చుకొనలేదు. మేము కూడా మొదటి రాత్రి అంతే. గంట కొట్టిన తరువాత ఆ విద్యార్థి ఒక్కడూ వెనుక ఉండిపోయి, మా బల్ల దగ్గరికి వచ్చి, "అబ్బా రాత్రిపూట ఇదే వింటడు సార్. పేరు తెల్వదు గాని ఇదే. వింటుంటె దుప్పటి మీద వ్రేళ్ళాడిస్తుంటడు" అన్నాడు. కొంతసేపు ఊరకున్నాడు. తరువాత, ప్రవేశపత్రంలో వ్రాసినది ఇప్పుడు మార్చుకొనవచ్చునా అని అడిగినాడు. కార్యాలయంలో అర్జీ పెట్టుకొనవలెనని చెప్పినాము.

మరునాడు అర్జీ తానే వ్రాసుకొని తెచ్చినాడు. "వాద్యకారుడు" అన్న మాటలో ఒక అక్షరం తప్పినది. దిద్ది ఇచ్చినాము.